సిరాజ్ చాచా సున్నాలు

మెదక్‌లో కుక్కర్లు బాగుచేసే సిరాజ్ చాచాను ఏం కనబడిందని అడిగితే, ఏం కనబడలేదో చెబుతారు.

ప్రతి శుక్రవారం తెల్లవారుతూనే ఆయన తన పాత మోపెడ్ మీద పోచారం చెరువుకు పోతారు. కట్ట మీద ఒక గంట నిలబడతారు. తిరిగి వచ్చి దుకాణం షట్టర్ ఎత్తుతారు. అప్పుడు ఎవరో ఒకరు మర్యాదకు అడుగుతారు.

“ఏం కనబడ్డయి సాబ్ ఇయ్యాల?”

“రాబందు కనబడలే. నక్క కనబడలే. పాముమెడ పిట్ట కనబడలే. తల మీద నల్లచారల బాతు ఇంక రాలే.”

“కనబడ్డయి చెప్పుండ్రి సాబ్.”

“కనబడ్డయి ఆడనే ఉన్నయి. పోయి చూసుకో. లేనియి నువ్వు పోయినా కనబడయి గద. అందుకే చెప్తున్న.”

ఇరవై ఏడేళ్లుగా ఇదే మాట.

పక్షులతో ఆగితే సరే. దావత్‌కు పోయి వచ్చినా ఇదే వరస. ఏడేళ్ల కింద ఒక పెళ్లికి నాలుగు వందల మంది వచ్చారు. ఎట్లా జరిగిందని అడిగారు.

“బిర్యానిల మసాల ఎక్కువ లేదు. కుర్చీలకు తక్కువ లేదు. జుబేర్ రాలే.”

“జుబేర్ ఎవరు?”

“పెండ్లి పిల్లగాని మేనమామ.”

నాలుగు వందల మందిలో ఆయనకు కనబడింది రాని ఆ ఒక్కడే. మరుసటి వారం ఆ జుబేర్, పెళ్లికొడుకు తండ్రి ఇద్దరూ చాచా దుకాణంలో ఒకే బెంచీ మీద కూర్చుని చాయ్ తాగుతూ కనిపించారు. మూడేళ్లుగా ఎదురుపడితే దారి మార్చుకునే బావాబామ్మర్దులు. ఇద్దరి కుక్కర్లూ ఒకేరోజు పాడయ్యాయని చాచా అన్నారు. కుక్కర్లన్నాక పాడవుతాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ముప్ఫై ఏళ్ల సంసారంలో కూర బాగుందని ఆయన ఒక్కసారీ అనలేదు. “ఉప్పు తక్కువ లేదు” అంటారు. మన్సూరా చాచీ మొదటి ఐదేళ్లు కళ్లు తుడుచుకుంది. ఆ తరువాత అది మెచ్చుకోలని కనిపెట్టింది. ఇప్పుడు ఎవరైనా నోరారా బాగుందంటే ఆమెకు అనుమానం.

ఈ కథలన్నీ భాగ్యకు గోడ అవతల నుంచి వినబడతాయి. చాచా దుకాణం పక్కనే ఆమె ఆన్‌లైన్ సెంటర్. జిరాక్సు, దరఖాస్తులు, ఆధార్ ప్రింట్లు. మధ్యలో ఒక ఇటుక మందం గోడ. అటు కుక్కర్ విజిల్ వేస్తే ఇటు ప్రింటర్ ఉలిక్కిపడుతుంది. చాచా గురించి భాగ్య దగ్గర ఒక సొంత కథ ఉంది. వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంది. ఇంటర్ చదివే రోజుల్లో ఆయన ఆమెను పిలిపించి, స్పేర్ పార్టుల డబ్బాల మీద పేర్లు రాయించుకున్నారు. డబ్బా మీది అక్షరాలు కనబడటం లేదన్నారు.

“చెరువు అవతలి ఒడ్డున పిట్ట కంటి రంగు చెప్తడు. చేతుల ఉన్న డబ్బా మీద అక్షరం కనబడదట!”

వినేవాళ్లు నవ్వేవారు. గోడ అవతల చాచా కూడా నవ్వేవారు.

లేనిదే చెప్పే గుణం ఆయనకు వృత్తి నుంచి అబ్బిందని ఆమె అనుకునేది. రిపేరు దుకాణానికి వచ్చి ఎవరూ విజిల్ చక్కగా వస్తోందని చెప్పరు. అందుకని ఆయన ఎవరు వచ్చినా, కుక్కర్ ఇంకా బల్ల మీద పెట్టకముందే అడుగుతారు.

“ఏం వస్తలేదు?”

ఒకసారి ఒక కొత్త సారు ఆధార్ సెంటరనుకుని పొరపాటున ఇటు వచ్చాడు.

“ఏం వస్తలేదు?” అని అడిగారు చాచా.

“ఓటీపీ రావట్లేదండీ.”

చాచా గంభీరంగా ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు. “గ్యాస్కెట్ కాదు. పక్కకు పోండ్రి, మా భాగ్య చూస్తది.”

చెరువు కట్ట మీద కూడా మొదట్లో గడబిడే అయింది. అడవి కాపలా చూసే ఎల్లయ్య ఆ సంగతి ఇప్పటికీ చెబుతాడు.

“ఏం చేస్తున్రు సాబ్ ఈడ?”

“చూస్తున్న.”

“ఏం చూస్తున్రు?”

“రాబందును.”

ఎల్లయ్య తలెత్తాడు. ఆకాశం ఖాళీగా ఉంది.

“లేదు గద సాబ్.”

“గదే చూస్తున్న.”

ఎల్లయ్య పై సారుకు ఫోన్ చేశాడు. సార్, ఒకాయన లేని పిట్టను చూస్తున్నడు, కేసు పెట్టాల్నా అని. లేని పిట్టకు కేసు లేదని అటునుంచి జవాబు వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరికీ దోస్తీ. శుక్రవారం పొద్దున ఎల్లయ్య ఫ్లాస్కులో చాయ్ తెస్తాడు. ఇద్దరూ కలిసి రాబందు లేకపోవడాన్ని చూస్తారు.

అసలు మొదలైంది తొంభై ఎనిమిదిలో. పట్నం నుంచి కొందరు పక్షులను లెక్కపెట్టడానికి వచ్చారు. వాళ్ల స్టవ్ చెడిపోతే బాగుచేయడానికి చాచా పోయారు. స్టవ్ వెలిగించి, వాళ్లు రాస్తున్న కాగితం చూశారు.

“కనబడనియి ఏడ రాస్తున్రు?”

“కనబడనివి రాయం సాబ్.”

“మరి వచ్చే ఏడు ఒక పిట్ట రాకపోతే, అది ఎప్పటిసంది వస్తలేదో ఎట్ల ఎరుకైతది?”

వాళ్లు స్టవ్ బాగుందని, చాయ్ తాగమని అన్నారు. చాచా చాయ్ తాగి ఇంటికి వచ్చి, అరవై పేజీల నోటు పుస్తకం ఒకటి కొన్నారు.

అప్పటి నుంచి ఏడాదికొక పుస్తకం. వారానికొక పేజీ. నలభై ఒక్క పేర్లు, పక్షులూ జంతువులూ. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా, అదే కట్ట, అదే రాయి. కనబడితే ఎన్నో అంకె. కనబడకపోతే సున్నా. ఆ సున్నా గుండ్రంగా, శ్రద్ధగా, గ్యాస్కెట్ లాగా ఉంటుంది.

నిండిన పుస్తకాలను కుక్కర్లలో దాస్తారు. బాగుచేయించుకుని మళ్లీ రానివాళ్ల కుక్కర్లు దుకాణం అటక మీద వరుసగా ఉన్నాయి. మూత బిగిస్తే చెద రాదు, చెమ్మ రాదు, ఎలుక రాదు. ఇంకేమేం రావో కూడా ఆయన చెబుతారు.

ఒక శుక్రవారం చాచాకు జ్వరం. పైగా వాన. చెరువుకు పోలేదు. మంచంలో పుస్తకం తెరిచి దిగులుగా చూస్తున్నారు.

“అజీ, గీ వానల ఏ పిట్ట వస్తది? సున్నలు పెట్టి పండుకోండ్రి” అంది మన్సూరా చాచీ.

చాచా లేచి కూర్చున్నారు.

“చూడకుండ సున్న పెడితే ఝూట్ అయితది. సున్న ఊకే రాదు. గంటసేపు నిలబడితే వస్తది.”

ఆ పేజీకి అడ్డంగా ఒక గీత గీసి, ‘పోలేదు’ అని రాశారు. ఇరవై ఏడేళ్లలో అట్లాంటి గీతలు పంతొమ్మిది. ఒక్కొక్కటీ ఆయనకు గుర్తే. ఎవరో అప్పగించిన కుక్కర్‌ను పోగొట్టినంత బాధగా చెబుతారు.

శశిధర్ అనే పరిశోధకుడు హైదరాబాద్ నుంచి వచ్చింది ఈ ఏడు సెప్టెంబర్ మొదట్లో. బక్కపలచటి మనిషి, వీపున బరువైన సంచి. ఎల్లయ్య చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. స్టూలు మీద కూర్చోగానే చాచా అడిగారు.

“ఏం వస్తలేదు?”

“సున్నాలు రావట్లేదండీ” అన్నాడు శశిధర్.

చాచా బిగిస్తున్న మూతను పక్కన పెట్టారు. గోడ అవతల భాగ్య కూడా టైపు చేయడం ఆపింది. నలభై ఏళ్ల వృత్తిలో ఆ జవాబు ఎవరూ చెప్పలేదు.

శశిధర్ ల్యాప్‌టాప్ తెరిచి పటం చూపించాడు. జనం ఫోన్ల నుంచి లక్షల్లో పంపుతున్నారు, నెమలి చూశాం, పాలపిట్ట చూశాం అని. అందరూ చూసింది చెబుతారు. వెతికితే దొరకనిది ఎవరూ చెప్పరు. పటంలో పచ్చ అంటే ఉంది. పసుపు అంటే వెతికారు, లేదు. తెలుపు అంటే ఎవరూ చూడనే లేదు. మెదక్ చుట్టూ నాలుగు పచ్చ చుక్కలున్నాయి. నాలుగూ నెమళ్లే. మిగిలిందంతా తెలుపు.

“తెల్లగుంటే ఎవరూ చూడలేదనా?”

“అవునండీ.”

చాచా చేతిలోని పానా కింద పడింది.

“నేను చూసిన.”

“మీరు చూసినట్టు పటానికి తెలియదు కదండీ. ఈ నెలాఖరుకు మా దగ్గరున్నదంతా అందరికీ తెరిచి పెడుతున్నాం. ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చు, మమ్మల్ని అడగక్కర్లేదు. ఏ చెరువును కాపాడాలో రేపు దీన్ని చూసే తేల్చుతారు. ఇది దాటితే మళ్లీ మూడేళ్లకే. మీ పుస్తకాలు ఇస్తే ఫొటోలు తీసి ఉన్నవి ఉన్నట్టు పెట్టేస్తాం.”

చాచా అటక వైపు చూశారు. కుక్కర్ల వైపు చూశారు.

“పిట్టల గురించి ఎంతన్న అడుగుండ్రి సార్, చెప్త. పుస్తకాలు మాత్రం ఇయ్య.”

“ఎందుకండీ?”

“ఇయ్య.”

బజారు ఆశ్చర్యపోయింది. అడగకున్నా ఆపి మరీ చెప్పే మనిషి, అడిగితే ఇవ్వనంటున్నాడు. ఆటో నడిపే పరశురాం, భాగ్య తండ్రి, ఖిల్లా కింది సొరంగం పటం అందులో ఉందన్నాడు. పొద్దున్నే గంపలో గంగవాయిలి కూర అమ్ముకుంటూ వచ్చే ఐలవ్వకు ఇంకో అనుమానం.

“ఎవలెవల కుక్కర్ల ఏమేం ఖరాబు జేసిండో అన్నీ రాసిపెట్టుకుండు సాయిబు. అది బయటవడితే ఊరంత వచ్చి మీద వడ్తది.”

“నీ కుక్కర్ నేను ఖరాబు చేసిన్నా అవ్వా?” అన్నారు చాచా.

“నాకు కుక్కరే లేదు గదయ్యా.”

“రాసుకున్న. ఐలవ్వకు కుక్కర్ లేదు.”

శశిధర్ రెండోసారి వచ్చాడు, మూడోసారి వచ్చాడు. చాచా చాయ్ తాగించి పంపారు. కానీ ఆ పటం చూసినప్పటి నుంచి ఆయన మనిషి మనిషిలా లేరు. గోడ మీద సున్నం చూసినా మొహం తిప్పుకునేవారు. ఒకరోజు మన్సూరా చాచీ తెల్ల దుప్పటి పరిస్తే నేల మీద పడుకున్నారు.

భాగ్య ఆ పటాన్ని తన సెంటర్‌లో తెరిచి చూసింది. మెదక్ తెల్లగా ఉంది. ఆమెకు ఒళ్లు మండింది. లేచి పక్క దుకాణానికి పోయింది.

“చాచా, చూడకుండ సున్న రాస్తే ఝూట్ అన్నరు గద.”

“అన్న.”

“చూసి కూడ తెల్లగ ఇడిచిపెడితే?”

చాచా మధ్యాహ్నం అంతా ఒకే కుక్కర్ మూతను తీశారు, పెట్టారు. సాయంత్రం అసర్ నమాజు అజాన్ వినబడ్డాక గోడ మీద తట్టారు.

“బేటా, నేను చదువుత. నువ్వు కంప్యూటర్ల కొట్టు. కాని పుస్తకంల చూడొద్దు.”

“చూసి కొడితే జల్ది అయితది చాచా.”

“చూడొద్దు.”

అట్లా మొదలైంది. భాగ్య తన కంప్యూటర్‌ను చాచా దుకాణంలోకి తెచ్చుకుంది. పొద్దున ఒక గంట, సాయంత్రం రెండు గంటలు. చాచా హోటల్ వాళ్ల ఇరవై లీటర్ల కుక్కర్‌ను ఒళ్లో పెట్టుకుని, పుస్తకాన్ని అందులో తెరిచి, తల లోపలికి వంచి చదివేవారు. గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది.

“నీటికోడి ఏడు. లకుముకి రెండు. రాబందు సున్న. నక్క సున్న. పాముమెడ పిట్ట ఒకటి.”

నలభై ఒకటో పేరు అయ్యాక దగ్గు వచ్చేది. పొడిదగ్గు, సరిగ్గా మూడుసార్లు. ఆ దగ్గులో పేజీ తిరిగేది. మళ్లీ నీటికోడి.

దుకాణానికి వచ్చినవాళ్లు కుక్కర్‌తో మాట్లాడుతున్న సాబ్‌ను చూసి బయటే నిలబడేవారు.

“ఏమంటుంది సాబ్ కుక్కర్?”

“నక్క లేదంటుంది” అనేది భాగ్య.

రోజుకు డెబ్బై అయిదు పేజీలు. డెబ్బై అయిదు దగ్గులు. మూడో రోజున ఆ చప్పుడు ఇంటిదాకా చేరింది. మన్సూరా చాచీ జోషాందా కాచి పట్టుకొచ్చింది. దగ్గుకు యునాని కషాయం. నల్లగా ఉంటుంది. వాసన చూస్తేనే సగం దగ్గు పారిపోతుంది.

“నాకేం దగ్గు లేదు” అన్నారు చాచా.

“మరి గిది ఏంది?”

చాచా కుక్కర్ వైపు చూశారు, భాగ్య వైపు చూశారు, గ్లాసు తీసుకున్నారు. తాగిన తరువాత ఆయన మొహంలో ఏమేం లేవో చెప్పడం కష్టం.

ఆ రోజు నుంచి పూటకో గ్లాసు. అయినా పేజీ తిరిగిన ప్రతిసారీ దగ్గు మానలేదు. భాగ్యకు జాలి వేసింది. కొంచెం అనుమానమూ వేసింది. ఇంత కచ్చితమైన దగ్గును ఆమె ఎక్కడా వినలేదు.

పద్నాలుగో రోజు సాయంత్రం, బస్టాండ్ దగ్గరి హోటల్ నుంచి ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. పెద్ద కుక్కర్ మూత పట్టేసింది, తెరుచుకోవడం లేదు, లోపల నూరు మందికి పప్పు. చాచా పానా తీసుకుని అట్లాగే లేచిపోయారు. పుస్తకం కుక్కర్లో తెరిచే ఉంది.

భాగ్య చూడొద్దనుకుంది. కానీ చివర చదివింది నీటికోడి పదిహేడో, ఇరవై ఏడో, ఆమెకు సరిగా వినబడలేదు. తప్పు అంకె పోతే చాచా ప్రాణం పోయినంత చేస్తారు. ఒక్క అంకె చూసి మూసేద్దామని తల లోపలికి వంచింది.

రెండు వేల పద్దెనిమిది పుస్తకం. నీటికోడి పదిహేడు. చూసింది. మూయబోయింది.

నలభై ఒక్క పేర్ల కింద ఒక గీత ఉంది. గీత కింద ఇంకో జాబితా. అవి పిట్టల పేర్లు కావు. పొద్దున దుకాణం ముందు నుంచి పోయే మనుషుల పేర్లు. రోజుకొక గడి. కనబడితే చుక్క. కనబడకపోతే సున్నా, అదే గుండ్రటి సున్నా. పక్కన చిన్న అక్షరాలు.

‘ఐలవ్వ – సున్న, సున్న. ఇంటికి పోయిన. కాలు వాచింది. దవఖానకు తోలుకపోయిన.’

‘జుబేర్ – పెండ్లికి రాలే. బావను, ఇతన్ని ఒక్కదినమే పిలవాలె. కుక్కర్ వంక పెట్టాలె.’

‘పరశురాం – సున్న. ఆటో ఇంటి ముందటనే ఉన్నది. బిడ్డ ఫెయిలయిందని బయటికి వస్తలేడు.’

భాగ్య చేతులు కుక్కర్ అంచు మీద ఆగాయి. తండ్రి తనను ఒక్క మాట అనలేదు ఆ రోజుల్లో. ఆటో కిరాయిలు లేవన్నాడు.

దాని కింద ఆమె పేరు. పక్కన సున్నా. పేజీ తిప్పింది. మళ్లీ సున్నా. లెక్కపెట్టింది. పదకొండు. ఇంటర్ లెక్కల్లో తప్పి, గది తలుపు వేసుకుని, గోడ వైపు తిరిగి పడుకున్న పదకొండు రోజులు. బయట ఎవరికీ తెలియదనే ఆమె అనుకుంది ఇన్నేళ్లూ.

పన్నెండో రోజు పొద్దున చాచా సంచి నిండా డబ్బాలు మోసుకుని వాళ్ల వాకిట్లో నిలబడ్డారు. “పరశురాం, నీ బిడ్డను ఒక్క గంట పంపు భయ్. డబ్బాల మీద ఇంగ్లిష్‌ల పేర్లు రాయాలె. నాకు అక్షరం కనబడ్తలేదు, మస్తు పరేషాన్ అయితున్న.” ఆ ఒక్క గంట మూడు వారాలు సాగింది. గ్యాస్కెట్, వాల్వ్, వెయిట్. రాసిన డబ్బాలే మళ్లీ రాయించారు. ఆ తరువాత బిల్లులన్నారు. ఆ తరువాత కంప్యూటర్ నేర్చుకుంటే తన బిల్లులు బాగుంటాయన్నారు. ఆయనకు బిల్లులే లేవు.

పన్నెండో గడిలో చుక్క ఉంది. చాలా పెద్ద చుక్క. పక్కన రాసి ఉంది.

‘భాగ్య వచ్చింది. చెప్పులు లేవు. మస్తు కోపం మీదున్నది. నవ్వలే. ఏడ్వలే.’

భాగ్య పుస్తకాన్ని ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టింది. తన కుర్చీలో కూర్చుంది. కంప్యూటర్ తెరను కాసేపు తుడిచింది. అది శుభ్రంగానే ఉంది.

చాచా తిరిగి వచ్చారు. చొక్కా మీద పప్పు.

“ఏడ ఆగినం బేటా?”

“నీటికోడి పదిహేడు.”

చాచా కుక్కర్లోకి తల వంచారు. చదివారు. నలభై ఒకటో పేరు అయింది. గీత కింది పేర్లను దాటేసే దగ్గు రావాల్సిన చోట, ఆయన కన్నా ముందు భాగ్య దగ్గింది. పొడిదగ్గు, సరిగ్గా మూడుసార్లు.

నెమ్మదిగా చాచా తల బయటికి వచ్చింది.

“నీకెప్పటిసంది దగ్గు?”

“మీదే అంటుకున్నది చాచా.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“ఎవల చాటు వాళ్లకు ఉంటది బేటా” అన్నారు చాచా. “పిట్టలకు సిగ్గు లేదు. వాటిది ఎవలకన్న చెప్పొచ్చు.”

“కొట్టుడు పిట్టల వరకే చాచా. గీత కిందికి రాను.”

చాచా తల ఊపి మళ్లీ కుక్కర్లోకి వంగారు. ఆ పూట మన్సూరా చాచీ రెండు గ్లాసుల జోషాందా తెచ్చింది. భాగ్య కళ్లు మూసుకుని తాగింది. ఇంకో నాలుగు రోజులు పూటపూటా తాగింది.

పద్దెనిమిదో రోజుకు ఇరవై ఏడు పుస్తకాలూ అయిపోయాయి. నెలాఖరుకు ఇంకా రెండు రోజులుంది. శశిధర్ వచ్చి ఆ జాబితా చూశాడు. సున్నాలు చూశాడు. పంతొమ్మిది ‘పోలేదు’లు చూశాడు. వాటి దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“పోని రోజును కూడా రాశారు!”

“పోతే గద సార్ సున్న.”

“ఇక దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు. మీ పేరు ఉంటుంది. కానీ ఎవరూ మీ అనుమతి అడగరు. ఫరవాలేదా?”

“పిట్ట నాదా సార్? అది రాకపోవుడు నాదా? తీసుకోమనుండ్రి. ఎల్లయ్య పేరు సుత పెట్టుండ్రి. సగం సున్నలు ఆయన చాయ్ మీద చూసినయే.”

శశిధర్ మీట నొక్కాడు. చాచా, భాగ్య, ఐలవ్వ, పరశురాం, బజారులో సగం మంది తెర ముందు మెడలు చాచారు. మెదక్ పక్కన తెల్లటి చోట, మధ్యమధ్య పచ్చ చుక్కలతో, చెరువంత పసుపు ముద్ద తేలింది. ఆమడ దూరం దాకా అట్లాంటి పసుపు ఇంకోటి లేదు.

“గింతేనా?” అన్నాడు పరశురాం. సొరంగం కోసం ఇంకా వెతుకుతున్నాడు.

“ఎట్లున్నది చాచా?” అని అడిగింది భాగ్య.

చాచా ఆ పసుపును చాలాసేపు చూశారు.

“తెల్లగ లేదు” అన్నారు.

పక్కనే ఉన్న మన్సూరా చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఇంతగా మెచ్చుకోవడం ఆమె ఎన్నడూ వినలేదు.

ఆ తరువాతి సోమవారం, భాగ్య సెంటర్ తెరిచేసరికి పక్క షట్టర్ దించే ఉంది. ఆమె టైము చూసింది. తొమ్మిదీ పది. అక్కడే నిలబడింది. బజారు అటు చివర చూసింది, ఇటు చివర చూసింది. తొమ్మిదీ ఇరవై అయింది. పాత దరఖాస్తు ఒకటి వెనక్కి తిప్పి రాసింది: ‘సిరాజ్ చాచా – సున్న.’ తాళం వేసి వాళ్లింటికి నడిచింది.

చాచా మఫ్లర్ చుట్టుకుని మంచం మీద ఉన్నారు. దగ్గుతున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఇది లెక్క లేని దగ్గు.

“నిజం దగ్గు వచ్చింది” అన్నారు చిన్నబోయి.

“పద్దెనిమిది దినాలది ఝూట్ అని నాకెరుకే” అంది వంటింట్లోంచి చాచీ. “ముప్పై ఏండ్లాయె, మీ నిజం దగ్గు నాకు తెల్వదా?”

“మరి గా కషాయం ఎందుకు తాగించినవ్?”

“ఝూట్‌కు సుత అదే మందు.”

చాచా భాగ్య వైపు తిరిగారు.

“నువ్వెందుకొచ్చినవ్ బేటా?”

“కనబడలే. వచ్చిన.”

“ఎంతసేపు చూసినవ్?”

“పది నిమిషాలు. తొమ్మిదీ పదికెల్లి తొమ్మిదీ ఇరవై.”

కాగితం తీసి ఇచ్చింది. చాచా ఆ సున్నాను వెలుతురుకు పట్టి చూశారు. కొంచెం కోలగా ఉంది. అయినా మడిచి జేబులో పెట్టుకున్నారు.

“ఐలవ్వ?”

“వచ్చింది.”

“మీ నాయిన?”

“వచ్చిండు. సొరంగం అడుగుతున్నడు.”

“రాబందు?”

“బజార్ల రాబందు ఏడికెల్లి వస్తది చాచా?”

“చూసినవా?”

భాగ్య వాకిట్లోకి వచ్చింది. మెడ వెనక్కి వంచి ఆకాశం చూసింది. నిలబడింది. గంపతో పోతున్న ఐలవ్వ ఆగింది.

“ఏం జూస్తున్నవ్ పిల్లా?”

“రాబందును అవ్వా.”

ఐలవ్వ గంప దించింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలెత్తింది. ఆ మూల నుంచి ఈ మూలకు చూసింది.

“లేదు గదనే.”

“గదే చూస్తున్న.”